వీడియో కెమెరాకి బ్యాగు కొనేముందు: గోదావరి డెల్టాలో తిరిగేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

పొద్దున అమలాపురంలో పెళ్లికొడుకుని చేసే వేడుక, మధ్యాహ్నం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురంలో రిసెప్షన్, మర్నాడు ఎవరిదో రొయ్యల చెరువు గట్టు మీద ప్రమోషన్ వీడియో. మన వైపు వీడియో పని చేసేవాళ్ల కెమెరా ఒకచోట కుదురుగా ఉండదు. అది నడిచే గంటల కంటే బ్యాగులో ఉండే గంటలే చాలా ఎక్కువ. అయినా కెమెరా కొనడానికి నెలల తరబడి పదిమందిని అడిగేవాళ్లు కూడా బ్యాగు దగ్గరికి వచ్చేసరికి షాపులో ఏది కనిపిస్తే అది తెచ్చేసుకుంటారు.

డెల్టాలో బ్యాగు ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికంటే ముందు వేసే ప్రశ్న ఒకటే: ఇది తడిస్తే ఎంతసేపట్లో ఆరుతుంది? దెబ్బ తగిలితే వెంటనే తెలుస్తుంది, రిపేరుకి పంపిస్తాం. చెమ్మ అలా కాదు. లెన్స్ లోపల బూజు దారాలు కనపడేసరికి నెలలు గడిచిపోయి ఉంటాయి. కింద చెప్పే అడుగులన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. వరసలోనే చేయండి, ఎందుకంటే ముందు అడుగులో వచ్చిన జవాబు తర్వాతి అడుగుకి కావాలి.

మొదటి అడుగు: మీ దారులు రాసుకోండి

షాపుకి వెళ్లకముందే ఒక కాగితం మీద పోయిన సీజన్‌లో చేసిన పనులన్నీ గుర్తున్నంతవరకు రాయండి. ఒక్కొక్కదాని పక్కన మూడు విషయాలు రాస్తే చాలు. అక్కడికి ఎలా వెళ్లారు? బండి దిగాక ఎంత దూరం నడిచారు? పని జరుగుతున్నంతసేపూ బ్యాగు ఎక్కడ ఉంది?

రాసి చూస్తే చాలామందికి ఒక సంగతి అర్థమవుతుంది. భీమవరం, తణుకు, రాజమండ్రి ఫంక్షన్ హాళ్లలో పనిచేసేవాళ్లకి బ్యాగు కారులోంచి స్టేజీ పక్కకి, స్టేజీ పక్కనుంచి కారులోకి వెళ్తుంది, అంతే. ఊళ్లలో పెళ్లిళ్లు చేసేవాళ్లు ఎక్కువగా బైక్ మీద వెళ్తారు. వార్తలు చేసేవాళ్లకి బ్యాగు ఒంటి మీదనుంచి దిగదు. లంక గ్రామాలకి వెళ్లేవాళ్లు పడవ ఎక్కాలి, ఇసుకలో నడవాలి, వరద రోజుల్లో అయితే మోకాటి లోతు నీళ్లలో దిగాలి.

మీ పనుల్లో ఏ దారి ఎక్కువసార్లు వస్తే బ్యాగు దానికోసమే కొనండి. ఏడాదికోసారి పాపికొండలు వెళ్తాం కదా అని రోజూ మోయలేనంత పెద్ద పెట్టె కొనకండి. ఆ ఒక్క రోజుకి తోటి వీడియోగ్రాఫర్ దగ్గర అరువు తెచ్చుకోవచ్చు.

రెండో అడుగు: కెమెరాని వాడే రూపంలో కొలవండి

కంపెనీ వెబ్‌సైట్‌లో ఇచ్చిన కొలత నమ్ముకుంటే ఇబ్బంది పడతారు. అది చాలాసార్లు మైక్ హోల్డరు, హుడ్ (లెన్స్ ముందు తగిలించే తొడుగు), పెద్ద బ్యాటరీ లేకుండా ఇచ్చిన కొలత. మీ కెమెరాకి మీరు రోజూ వాడే బ్యాటరీ పెట్టండి. కెమెరాని స్టాండు మీద నిలబెట్టే ట్రైపాడ్ ప్లేట్ అడుగున బిగించండి, అది ఎప్పుడూ ఉండేదే. హుడ్ తగిలించండి, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ మామూలుగా ఉంచే కోణంలో ఉంచండి. మైక్ హోల్డరులో మైక్ పెట్టి ఉంచుతారా, విప్పుతారా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. నా అభిప్రాయంలో మైక్ విప్పి విడిగా పెట్టడమే మంచిది. హోల్డరు పక్కకి పొడుచుకొచ్చి ఉంటుంది, బ్యాగు గోడ ఒత్తుకుంటే ముందు విరిగేది అదే.

తర్వాత కెమెరాని చార్టు మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీయండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ టేపుతో కొలిచి, ప్రతి కొలతకీ అటు 2, ఇటు 2 సెంటీమీటర్లు కలపండి. అది మెత్తకి వదిలే చోటు. వచ్చిన అంకెల్ని బ్యాగు లోపలి కొలతతో పోల్చాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు బయటి కొలతని పెద్ద అక్షరాల్లో, లోపలి కొలతని కింద ఎక్కడో ఇస్తారు. లోపలి కొలత అసలే ఇవ్వకపోతే ఆ బ్యాగు వదిలేయండి.

కెమెరా రకాన్ని బట్టి సమస్య మారుతుంది. సోనీ ఎంసీ2500 లాంటి భుజం కెమెరాకి పొడవే ఇబ్బంది. ఫొటో కెమెరాల బ్యాక్‌ప్యాకుల్లో అది పట్టదు, పట్టినట్టు కనిపించినా జిప్పు వ్యూఫైండర్ మీద బిగుసుకుంటుంది. సోనీ జెడ్190, పానాసోనిక్ యూఎక్స్180 లాంటి చేతి కెమెరాలకి ఎత్తు చూసుకోవాలి, పైన హ్యాండిల్ ఉంటుంది కాబట్టి. ఇక సోనీ ఎఫ్‌ఎక్స్6 లాంటి కొత్తరకం సినిమా కెమెరాలతో వచ్చే చిక్కు వేరు. బాడీ ఒక్కటీ 890 గ్రాములే. చిన్నదే కదా అని చిన్న బ్యాగు కొంటే, లెన్స్, హ్యాండిల్, గ్రిప్, స్క్రీను, బ్యాటరీ అన్నీ తగిలించాక ఏదీ పట్టదు. ప్రతిసారీ విప్పి, మళ్లీ బిగించుకునేలోపు జీలకర్రా బెల్లం పెట్టేస్తారు.

అందుకే నా నియమం ఇది: బ్యాగు తెరిచిన అరనిమిషంలో కెమెరా రికార్డింగుకి సిద్ధంగా చేతిలో ఉండాలి. దానికి తగ్గ చోటు లోపల లేకపోతే మిగతా గొప్పలు ఎన్ని ఉన్నా ఆ బ్యాగు మీ పనికి సరిపోదు.

కెమెరా లోపల ఎలా కూర్చుంటుందో కూడా చూడండి. బరువంతా అడుగు ప్లేట్ మీద పడాలి. లెన్స్ మీదో, పక్కన తెరుచుకునే స్క్రీను మీదో బరువు ఆనితే, గతుకుల్లో ప్రతి కుదుపూ అక్కడే తగులుతుంది. లెన్స్ కింద చిన్న మెత్త ముక్క ఆసరాగా ఉండొచ్చు కానీ కెమెరా దానిమీద నిలబడకూడదు.

మూడో అడుగు: అన్నీ తూకం వేయండి

సామాను వేలాడదీసి తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, చాలా పనులకి వస్తుంది. కెమెరా రెండున్నర నుంచి మూడు కేజీలు అనుకుందాం. ఎన్‌పీ-ఎఫ్970 రకం పెద్ద బ్యాటరీ ఒక్కొక్కటి దాదాపు 300 గ్రాములు, నాలుగు పెడితే కేజీ దాటుతుంది. ఛార్జర్లు, కార్డ్‌లెస్ మైక్ సెట్టు, కెమెరా పైన తగిలించే ఎల్‌ఈడీ లైటు, ఎక్స్‌ఎల్‌ఆర్ రకం మైక్ కేబుళ్లు, రెయిన్ కవరు కలిస్తే ఇంకో రెండు కేజీలు. ఇప్పుడు ఖాళీ బ్యాగు బరువు కలపండి. గట్టి ఫ్రేమున్న బ్యాగు ఖాళీగానే రెండు మూడు కేజీలు ఉంటుంది. మొత్తం తొమ్మిది దగ్గరికి వచ్చేసింది.

ఒంటి భుజానికి వేలాడదీసుకుని రోజంతా తిరగాలంటే ఆరేడు కేజీలు దాటితే నడుము ఊరుకోదు. దాటుతుంటే రెండు దారులున్నాయి. రెండు భుజాలకీ పంచే బ్యాక్‌ప్యాకుకి మారడం, లేదా కెమెరాని ఒక బ్యాగులో, ఛార్జర్లూ కేబుళ్లూ లైట్లూ మరో చవక బ్యాగులో పెట్టడం. నేను రెండోదాన్నే గట్టిగా చెబుతాను. కేబుళ్ల సంచి తడిసినా కొంప మునగదు, కళ్యాణ మండపంలో ఓ మూల పెట్టేయొచ్చు. కెమెరా బ్యాగు తేలికపడితే దాన్ని మీ దగ్గరే ఉంచుకోగలుగుతారు.

నాలుగో అడుగు: ఏ రకం బ్యాగు

పైన తెరుచుకునే భుజం బ్యాగు: వీడియో కెమెరాలకి పుట్టిందే ఇది. నోరు పెద్దగా తెరుచుకుంటుంది, హ్యాండిల్ పట్టుకుని కెమెరాని నిలువుగా పైకి తీస్తాం. పోర్టాబ్రేస్, సాచ్లర్, ఓర్కా లాంటి కంపెనీలు ఇలాంటివి తయారుచేస్తాయి. నోరు తెరిచాక దానంతటదే తెరుచుకుని నిలబడాలి. మూత మాటిమాటికీ మీద పడుతుంటే ఒక చేత్తో మూత, ఇంకో చేత్తో కెమెరా పట్టుకోవాల్సి వస్తుంది. ఫంక్షన్ హాలు పనికీ, కారులో తిరిగే పనికీ దీన్ని మించింది లేదు.

బ్యాక్‌ప్యాకు: బైక్ మీద తిరిగేవాళ్లకి ఇదే. కాకపోతే ఎటు తెరుచుకుంటుందో చూడండి. వీపుకి ఆనే వైపు తెరుచుకునేది కొంటే రెండు లాభాలు. జనంలో వెనకనుంచి ఎవరూ జిప్పు లాగలేరు. బ్యాగుని బురదలో పట్టీలు పైకి ఉండేలా పడుకోబెట్టి తెరిచినా బురద అంటేది ముందు వైపుకే, వీపుకి ఆనే పట్టీలు శుభ్రంగా ఉంటాయి. కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల ప్రభలు కలిసేచోట నిలబడినా, గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటేటప్పుడు గట్టు మీద నిలబడినా, కింద పెట్టడానికి పొడి నేల దొరకదని అక్కడ పనిచేసినవాళ్లందరికీ తెలుసు. అలాంటి రోజుల్లో బ్యాక్‌ప్యాకుని ఛాతీ వైపుకి వేసుకోవాలి. అందుకని కొనేముందే ముందుకి తగిలించుకుని నాలుగడుగులు నడిచి చూడండి.

బైక్ మీద ఇంకో జాగ్రత్త. బ్యాగుని వెనక క్యారేజీకి కట్టినా, పెట్రోలు ట్యాంకు మీద పెట్టినా ఇంజను అదురు నేరుగా కెమెరాకి వెళ్తుంది. స్క్రూలు వదులవుతాయి, లెన్స్ లోపలి భాగాలకీ మంచిది కాదు. మనిషి ఒంటి మీద ఉంటే ఆ అదురు చాలావరకు ఒళ్లే మింగేస్తుంది. వేలాడే పట్టీల కొసల్ని మడిచి రబ్బరు బ్యాండు వేయండి, చక్రంలో పడితే ప్రాణానికే ముప్పు.

గట్టి ప్లాస్టిక్ పెట్టె: పెలికాన్ రకం. లంకలకి పడవల మీద వెళ్లేవాళ్లకీ, కోరింగ మడ అడవుల్లో షూట్ చేసేవాళ్లకీ ఇది నిజంగా కావాలి. వీటి మీద ఐపీ67 అని రాసి ఉంటే, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు రాదని అర్థం. మూత బిగించి ఉంటే నీళ్లలో తేలుతుంది కూడా. కానీ మూత చుట్టూ ఉన్న రబ్బరు రింగులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా ఆ హామీ పోయినట్టే. ప్రతిసారీ మూసేముందు వేలితో తడిమి తుడవాలి. ఇంకో విషయం, నీటిని లోపలికి రానివ్వని పెట్టె లోపలి చెమ్మని బయటికీ పోనివ్వదు. తడి కెమెరాని అందులో పెట్టి రాత్రంతా మూసేస్తే బూజుకి అంతకంటే మంచి చోటు ఉండదు.

పడవ సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తున్నాను. పంటు మీదైనా, చిన్న పడవలోనైనా బ్యాక్‌ప్యాకు ఛాతీ క్లిప్పు, నడుము క్లిప్పు రెండూ విప్పేసి, ఒక్క భుజానికే తగిలించుకోండి. లైఫ్ జాకెట్ బ్యాగు కింద కాదు, ఒంటి మీదే బిగించుకోండి. నీళ్లలో పడితే బ్యాగు వదిలేసి బయటపడగలగాలి. కెమెరా మళ్లీ కొనుక్కోవచ్చు.

చక్రాల ట్రాలీ: రైళ్లు, విమానాలు, పెద్ద హోటళ్లు మీ పనిలో ఎక్కువగా ఉంటే కొనండి. ఏటిగట్టు మీద, ఇసుక మేటల్లో, కొబ్బరి తోటల్లో చక్రాలు పనికిరాని బరువే.

ఐదో అడుగు: గుడ్డ, కుట్టు, జిప్పు

బ్యాగు మీద 600 డీ, 1000 డీ అని రాసి ఉంటుంది. అది డెనియర్. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. అంకె పెరిగేకొద్దీ దారం లావు. 1000 డెనియర్ నైలాన్, ముఖ్యంగా కార్డురా రకం, గోడలకి రాసుకున్నా తొందరగా చిరగదు. అలాగని అంకె ఒక్కటే చూసి మోసపోవద్దు. 600 డెనియర్ పాలిస్టర్ కూడా నేత దట్టంగా ఉంటే మామూలు వాడకానికి సరిపోతుంది. అన్నట్టు, పాలిస్టర్ నైలాన్ కంటే తక్కువ నీరు పీలుస్తుంది, ఎండకి కూడా నిదానంగా పాడవుతుంది.

మన వాతావరణంలో అసలు చూడాల్సింది గుడ్డ లోపలి వైపు పూత. నీరు ఆపడానికి చాలా బ్యాగులకి పాలీయూరిథేన్ పూత వేస్తారు. వేడీ చెమ్మా కలిసినచోట ఆ పూత ఏళ్లు గడిచేకొద్దీ నీటితో చర్య జరిపి విడిపోతుంది. అటక మీద పెట్టిన పాత బ్యాగు తీస్తే లోపలంతా జిగురుగా, పొట్టు రాలుతూ ఉండటం మీరూ చూసే ఉంటారు. అదే ఇది. చవక నల్ల స్పాంజికీ ఇదే గతి. నలుసులు నలుసులుగా రాలి లెన్స్ రింగులోకీ, కార్డు స్లాటులోకీ దూరతాయి. అందుకని పాత స్టాకు బ్యాగు ఎంత తగ్గింపులో వచ్చినా, లోపల గోటితో గీకి చూడకుండా కొనకండి.

మెత్తలో కూడా రకాలున్నాయి. వేళ్లతో నొక్కితే పూర్తిగా అణిగిపోయే స్పాంజి నీళ్లు తాగుతుంది, తాగిన నీటిని రెండు రోజులైనా వదలదు. యోగా చాపల్లో, చెప్పుల అడుగుల్లో వాడే గట్టి ఈవీఏ ఫోమ్ లోపలి గదులు మూసుకుని ఉంటాయి, నీళ్లు పీల్చదు. తుడిస్తే పొడి. డివైడర్ల (లోపలి అరల్ని విడదీసే అడ్డుగోడల) మీది గుడ్డ కుట్టు సందులోంచి లోపలి ఫోమ్ ఏ రకమో చూడండి. కనపడకపోతే ఒక డివైడరు తీసి వంచండి. మెత్తగా ముడుచుకుపోతే స్పాంజి, వంగి మళ్లీ సాగినట్టు లేస్తే ఈవీఏ లాంటిది.

జిప్పు దగ్గర డబ్బు ఆదా చేయొద్దు. బ్యాగులో ముందు పోయేది జిప్పే, అందులోనూ ముందుగా పోయేది రన్నరు, అంటే పట్టుకుని లాగే ముక్క. లోహపు పళ్ల జిప్పులు అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి పచ్చగా పట్టేసి బిగుసుకుంటాయి. ప్లాస్టిక్ పళ్లవి, లేదా నైలాన్ చుట్ట రకానివి తీసుకోండి. వైకేకే అనే జిప్పుల కంపెనీ పేరు రన్నరు మీద ఉంటే చాలావరకు నమ్మొచ్చు, నకిలీలూ ఉన్నాయి కాబట్టి లాగి చూడాలి. మూల తిరిగేచోట ఒక్క చేత్తో, బ్యాగుని రెండో చేత్తో పట్టుకోకుండా, జిప్పు సాఫీగా వెళ్లాలి. కెమెరా ఉన్న అరకి రెండు రన్నర్లు ఉంటే ఒకటి పోయినా ఆ రోజు పని గడుస్తుంది.

కుట్టులో చూడాల్సింది పట్టీ బ్యాగుతో కలిసేచోటు ఒక్కటే. నవారు పట్టీ అడుగుదాకా దిగి, బ్యాగు కిందనుంచి చుట్టి వచ్చిందంటే బరువు పట్టీయే మోస్తుంది. పైన మూలల్లో రెండంగుళాల ముక్క పెట్టి కుట్టేస్తే బరువంతా ఆ కుట్టు మీదే. చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా కొట్టిన కుట్టు ఉందా, దారం కొసలు వేలాడుతున్నాయా అని చూడండి. కొక్కేలు లోహానివైతే మందంగా ఉండాలి, తిరిగే రకమై ఉండాలి.

ఆరో అడుగు: చెమ్మ లెక్క

ఇక్కడ కాస్త ఆగి చదవండి.

కెమెరాకి నీళ్లు మూడు దారుల్లో వస్తాయి. వాన మనకి కనిపిస్తుంది, దానికి రెయిన్ కవరు ఉంది. బ్యాగుతోపాటు వచ్చే కవరు బ్యాగు అడుగుని కూడా కప్పుతుందో లేదో చూడండి. చాలావాటికి అడుగున ఖాళీ ఉంటుంది. పల్లెవెలుగు బస్సు నేల మీదో, పంటు చెక్కల మీదో పెట్టినప్పుడు నీరు కిందనుంచే ఎక్కుతుంది. అందుకే అడుగున నాలుగు రబ్బరు కాళ్లున్న బ్యాగు, అడుగంతా ఒకే నున్నటి ముక్కతో ఉన్న బ్యాగు వెతకండి. కవరు విడదీసి ఆరేసుకునేలా ఉండాలి. బ్యాగుకి కుట్టేసిన కవరు తడిగానే మడతపడి సంచిలోకి వెళ్లిపోతుంది.

రెండో దారి ఏసీ. ఎండాకాలంలో ఫంక్షన్ హాలు ఏసీలో కెమెరా 22 డిగ్రీల దగ్గరికి చల్లబడుతుంది. ఊరేగింపు అంటూ ఒక్కసారి బయటికి తెస్తే, డెల్టా గాలిలో ఉన్న ఆవిరి ఆ చల్లటి గాజు మీద నీటిబొట్లుగా మారుతుంది. బయట తుడవొచ్చు, లోపలి గాజుల మీద పట్టినదాన్ని తుడవలేం. దీనికి మందు బ్యాగే. బయటికి వెళ్లడానికి అరగంట ముందే కెమెరాని బ్యాగులో పెట్టి, జిప్పు పూర్తిగా మూసి, బ్యాగుని బయట ఉంచండి. మెత్త ఉన్న బ్యాగులో కెమెరా నెమ్మదిగా వేడెక్కుతుంది, బయటి తడి గాలి నేరుగా తగలదు. కాబట్టి కొనేటప్పుడు మూత పూర్తిగా మూసుకుంటుందా, మూలల్లో వేలు దూరే సందులున్నాయా అని చూడాలి. ఈ ఒక్క అలవాటు మన లెన్సుల్ని చాలా ఏళ్లు కాపాడుతుంది.

మూడో దారి ఉప్పు. సముద్రపు జల్లు ఎండాక బ్యాగు గుడ్డలో ఉప్పు మిగిలిపోతుంది. ఆ ఉప్పు గాలిలో చెమ్మని లాక్కుంటూనే ఉంటుంది, అందుకే బీచ్ పని చేసొచ్చిన బ్యాగు ఎంత ఎండలో పెట్టినా మళ్లీ తేమగా తగులుతుంది. మంచినీళ్లతో తుడిస్తేగానీ అది పోదు. మాఘమాసంలో అంతర్వేది రథోత్సవం చేసొచ్చాక చేయాల్సిన మొదటి పని ఇదే. బ్యాగు ఖాళీ చేయండి, తడిగుడ్డతో లోపలా బయటా తుడవండి, నోరు తెరిచి ఫ్యాను కింద పెట్టండి. డివైడర్లన్నీ వెల్క్రో నుంచి ఊడొచ్చే బ్యాగు అయితేనే ఇది సాధ్యం. లోపల కుట్టేసిన అరలున్నదాన్ని శుభ్రం చేయలేం.

చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు చిన్నవి ఒకటి రెండు వేస్తే మన గాలికి చాలవు. యాభై, వంద గ్రాముల పొట్లాలు వాడండి. నీలం రంగువి చెమ్మ పీల్చి గులాబీ రంగుకి మారతాయి. వాటికి రంగునిచ్చే కోబాల్ట్ క్లోరైడ్ ఒంటికి మంచిది కాదు, వంటింటి గిన్నెల్లో వేడి చేయకండి. నారింజ రంగునుంచి ఆకుపచ్చకి మారే రకం మేలు. రంగు మారాక, వంటకి వాడని ఓవెన్‌లో గుళికలని 110, 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. అయితే జిప్పు మాటిమాటికీ తెరిచే బ్యాగులో సిలికా జెల్ పెద్దగా చేసేదేమీ లేదు. అది పనిచేసేది మూత బిగిసే డబ్బాలో. ఇంటికొచ్చాక కెమెరాని బ్యాగులో దాచకండి. బిగుతైన మూతున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో పెద్ద సిలికా పొట్లం, తేమ చూపించే చిన్న మీటరు పెడితే చాలు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపాలి. 60 దాటి రోజుల తరబడి ఉంటే బూజుకి దారి ఇచ్చినట్టే. స్తోమత ఉంటే తేమని అదుపులో ఉంచే చిన్న బీరువా, డ్రై క్యాబినెట్ కొనండి. బ్యాగు ప్రయాణానికి, డబ్బా నిల్వకి.

ఏడో అడుగు: లోపలి అమరిక

లోపలి గుడ్డ లేత రంగులో ఉండాలి. బూడిద, పసుపు, నారింజ ఏదైనా సరే. నల్ల లోపలి గుడ్డలో పడిన నల్ల ఎస్‌డీ కార్డుని రాత్రి పందిట్లో వెతకడం ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. బయటి రంగు నలుపైతే ఎండలో బాగా వేడెక్కుతుంది, దొరికితే బూడిద రంగు తీసుకోండి. కంపెనీ పేరు పెద్దగా రాసి ఉంటే లోపల ఏముందో దొంగకి చెప్పినట్టే.

బ్యాటరీలకి విడి అర కావాలి, కొసలకి మూతలు ఉండాలి. తాళాలూ చిల్లరా వేసే జేబులో బ్యాటరీ వేస్తే షార్టయ్యే ప్రమాదం ఉంది. నిండినవి ఒక వైపు, వాడేసినవి ఒక వైపు. రికార్డింగు అయిన కార్డులు, ఖాళీ కార్డులు ఒకే పర్సులో ఉన్నా, రికార్డయినవాటి ముఖం లోపలికి తిప్పి పెట్టే పద్ధతి మీ అసిస్టెంటుకి కూడా నేర్పండి. కార్డుల పర్సు బ్యాగులో కాకుండా మీ చొక్కా జేబులో ఉంటే ఇంకా మంచిది. బ్యాగు పోతే కెమెరా పోతుంది, కార్డులు కూడా పోతే ఒకరి పెళ్లి పోతుంది.

ఎనిమిదో అడుగు: షాపులో చేయాల్సిన పరీక్ష

కెమెరా వెంట తీసుకెళ్లండి, మొహమాటపడొద్దు. లోపల పెట్టి, జిప్పు మూసి, బ్యాగుని ఊపండి. లోపల కదిలిన చప్పుడు వినిపిస్తే డివైడర్లు మార్చి మళ్లీ ఊపండి. నిండు బరువుతో భుజానికి వేసుకుని మెట్లెక్కి దిగండి. ఒంటి చేత్తో తెరిచి కెమెరా తీయండి. నేల మీద పెట్టి చేయి వదిలేయండి, పక్కకి ఒరిగిపోతే వద్దు. చివరగా షాపువాళ్లని అడిగి బయటి గుడ్డ మీద కాసిని నీళ్లు చల్లి, రెండు నిమిషాలాగి లోపల చేత్తో తడమండి. ఒప్పుకోకపోతే కనీసం కుట్ల దగ్గర లోపలి వైపు టేపు అంటించారా అని చూడండి. నీళ్లు గుడ్డలోంచి రావు, కుట్టు రంధ్రాల్లోంచి వస్తాయి.

ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి తీసుకునే గడువు ఎన్ని రోజులో ముందే చూసి, పార్సిల్ వచ్చిన రోజే ఇవన్నీ చేసేయండి.

తొమ్మిదో అడుగు: డబ్బు

కెమెరా విలువలో నూటికి మూడు నాలుగు వంతులు బ్యాగుకి కేటాయించడం న్యాయమని నా లెక్క. అంత కుదరకపోతే చవక బ్యాగు కొని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మన ఊళ్లలో కారు సీటు కవర్లు కుట్టేవాళ్ల దగ్గర పెద్ద కుట్టు మిషను, మందపాటి దారం, నవారు అన్నీ ఉంటాయి. పట్టీలు విప్పి అడుగునుంచి చుట్టి కుట్టమనండి. లోపలి స్పాంజి తీసేసి ఈవీఏ షీటు కోసి డివైడర్లు చేయించుకోండి. అడుగున రబ్బరు షీటు వేయించండి. జిప్పు రన్నరు మార్చమనండి. మంచి కొలతలున్న మామూలు బ్యాగు ఇలా చేయిస్తే పెద్ద కంపెనీ బ్యాగుకి దగ్గరగా వస్తుంది. కానీ ఒక్క హద్దు. కొలత సరిపోని బ్యాగుని ఎవరూ బాగుచేయలేరు.

విమానం ఎక్కేవాళ్లకి

మధురపూడి (రాజమండ్రి) నుంచో గన్నవరం (విజయవాడ) నుంచో వెళ్లాల్సి వస్తే, దేశీయ విమానాల్లో ఎకానమీ టిక్కెట్టుకి చేతి సామాను సాధారణంగా 7 కేజీలు. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సామానులోనే ఉండాలి. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) లోపువి మామూలుగా తీసుకెళ్లొచ్చు, 100 నుంచి 160 మధ్యవైతే విమాన సంస్థ అనుమతి కావాలి, అవీ విడిగా రెండే. ఎన్‌పీ-ఎఫ్970 రకం 47 వాట్-అవర్ల దగ్గర ఉంటుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కెమెరా వెనక తగిలించే పెద్ద వీ-మౌంట్ బ్యాటరీ అయితే మీద రాసిన అంకె చూసుకోండి. చేతి సామానుకి సరిపోయే గట్టి పెట్టె ఖాళీదే చాలాసార్లు నాలుగైదు కేజీలు ఉంటుంది, 7 కేజీల్లో కెమెరాకి ఇంకేమీ మిగలదు. ఈ ప్రయాణాలకి మెత్తటి బ్యాగే నయం.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. పన్నెండు రోజులు, వానాకాలం మొదట్లో, ఘాట్ల మీద లక్షల మంది మధ్య పని. అప్పటికప్పుడు కొనే బ్యాగుతో ఆ జనంలోకి వెళ్లొద్దు. ఒక వర్షాకాలం ముందే కొని, పెళ్లిళ్లకీ తీర్థాలకీ మోసి, పట్టీలు మీ భుజానికి అలవాటుపడి, ఏ అరలో ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలిగే స్థితికి వచ్చాక ఘాటుకి తీసుకెళ్లండి.